‘ఘర్షణ లాభనష్టాలు రాయుము’ అని ఇక అడగొద్దు: సైన్స్ పేపర్లు తయారుచేసే మిత్రులకు బహిరంగ లేఖ

ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతుల ఉమ్మడి పరీక్షలకు సైన్స్ ప్రశ్నపత్రాలు తయారుచేసే ఉపాధ్యాయ మిత్రులకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంటును. పుస్తకాలు బాగాలేవని, ల్యాబులు లేవని, శిక్షణలు తూతూమంత్రంగా జరుగుతున్నాయని పైవాళ్లకు ఉత్తరాలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను మాత్రం మీకు రాస్తున్నాను. ఎందుకంటే తరగతి గదిలో ఏం జరగాలో తేల్చేది పుస్తకం రాసినవాళ్లూ కాదు, శిక్షణ ఇచ్చినవాళ్లూ కాదు, మీరే. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ (నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాలు) పేపర్లో ఏం వస్తుందో అదే బోర్డు మీదికి ఎక్కుతుంది. పేపర్లో రానిది ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అయిపోతుంది. ఇందులో టీచర్ల తప్పేమీ లేదు. సిలబస్ ఎంతవరకు అయిందని అడిగేవాళ్లుంటారు, సగటు మార్కులు ఎందుకు తగ్గాయని అడిగేవాళ్లుంటారు, పిల్లలు అయస్కాంతంతో ఆడుకున్నారా అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

సైన్స్ మొత్తం గురించి కాదు, నాలుగు విషయాల వరకే మాట్లాడతాను: బలం, గురుత్వాకర్షణ, ఘర్షణ, అయస్కాంతత్వం. మూడో తరగతి ఈవీఎస్‌లో (పరిసరాల విజ్ఞానంలో) తోయడం, లాగడం దగ్గర మొదలయ్యే ఈ విషయాలు ఎనిమిదో తరగతి వరకు ఏదో రూపంలో వస్తూనే ఉంటాయి. పైసా ఖర్చు లేకుండా చేసి చూపించగలిగినవి వీటికి మించి లేవు. అయినా మనం అత్యంత పొడిగా అడిగే ప్రశ్నలు కూడా వీటి మీదే.

పాత పేపర్లు ఏవైనా తీసి చూడండి. బలం అనగానేమి? ఘర్షణ వలన లాభనష్టములు వ్రాయుము. గురుత్వాకర్షణను కనుగొన్న శాస్త్రవేత్త ఎవరు? సజాతి ధ్రువాలు పరస్పరం ఏమవుతాయి? అయస్కాంత ధర్మాలు నాలుగు తెలుపుము. ఏళ్లు మారతాయి, జిల్లాలు మారతాయి, ప్రశ్నలు మారవు. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. పుట్టి బుద్ధెరిగాక అయస్కాంతాన్ని చేత్తో ముట్టుకోని పిల్లాడు కూడా వీటికి నూటికి నూరు తెచ్చుకోగలడు. రోజూ అయస్కాంతంతో ఆడుకునే పిల్ల, ‘ధర్మాలు’ అన్న మాట దగ్గర తికమకపడితే సున్నా తెచ్చుకోగలదు. ఒక ప్రశ్న మంచిదో కాదో తేల్చుకోవడానికి నాకు తెలిసి ఇంతకన్నా సులువైన కొలత లేదు: చేసి చూసినవాడికి అది లాభిస్తుందా, లేదా?

‘ప్రయోగాల మీద కూడా అడుగుతున్నాం కదా’ అంటారేమో. అడుగుతున్నారు, కాదనను. మన మార్కుల రిజిస్టర్లలో విద్యాప్రమాణాల పట్టికలో ‘ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు’ అని ఒక గడి ఏళ్ల తరబడి ఉంది. ఆ గడి నింపడానికి ‘ఘర్షణ తలాల స్వభావంపై ఆధారపడుతుందని తెలిపే ప్రయోగాన్ని వివరింపుము’ అని ఒక ప్రశ్న వేస్తాం. పిల్లలు ఉద్దేశం, కావలసిన పరికరాలు, చేయు విధానం, పరిశీలన, నిర్ధారణ అంటూ ఐదు పక్క శీర్షికలతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెడతారు. పరిశీలన అన్నచోట వాళ్లు పరిశీలించింది గైడులోని పేరాను. నాలుగు మార్కులూ పడతాయి. తరగతిలో ప్రయోగం జరిగిందా లేదా అన్నది ఆ జవాబులో ఎక్కడా కనపడదు.

ఆ ప్రయోగం నిజంగా చేస్తే ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చెప్పనివ్వండి. కావలసినవి ఒక అట్టపెట్టె, అందులో వేయడానికి గులకరాళ్లు, ఒక దారం, ఒక రబ్బరు బ్యాండు, ఒక స్కేలు. పెట్టెకు దారం కట్టి, దారానికి రబ్బరు బ్యాండు తగిలించి, బడి వరండాలో నేల మీద మెల్లగా లాగాలి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రబ్బరు ఎంత సాగిందో స్కేలు పెట్టి చూస్తుంటారు. ముందు సిమెంటు నేల, తర్వాత గోనెసంచి, ఆ తర్వాత చాప, ఆఖరున పెట్టె కింద గుండ్రటి పెన్సిళ్లు నాలుగు. గోనె మీద రబ్బరు తెగుతుందేమో అన్నంత సాగుతుంది. పెన్సిళ్ల మీద సాగీ సాగనట్టు ఉండగానే పెట్టె పరుగు పెడుతుంది. ఇదంతా పుస్తకంలో ఉన్నదే.

పుస్తకం చెప్పకుండానే పిల్లలు పట్టుకునేవి రెండున్నాయి. మొదటిది, పెట్టె కదలబోయే ముందు రబ్బరు బాగా సాగుతుంది, కదిలాక కాస్త తగ్గుతుంది. స్కేలు పట్టుకున్న పిల్లకు ఇది కనపడి తీరుతుంది, ‘సార్, కదిలాక తగ్గిపోతోంది’ అని అరుస్తుంది. స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ అని పై తరగతిలో చెప్పే పాఠం మొత్తం ఆ ఒక్క అరుపులో ఉంది. రెండోది, అదే పెట్టెను వెడల్పు వైపు కాకుండా సన్న వైపు నిలబెట్టి లాగమనండి. లాగేముందు ఎంత సాగుతుందో ఊహించి రాయమనండి. దాదాపు అందరూ తక్కువ సాగుతుందనే రాస్తారు. నేలకు తగిలే చోటు తగ్గింది కదా అని వాళ్ల లెక్క, ఆ లెక్కలో న్యాయం ఉంది. లాగితే సాగుదల ఇంచుమించు అంతే ఉంటుంది. ఫ్రాన్స్‌లో అమాంటన్ అనే ఆయన 1699లో ఇదే చెప్తే అక్కడి పండితులు ఒక పట్టాన నమ్మలేదు. మన ఐదో తరగతి పిల్లలు కూడా నమ్మరు, పెట్టె మళ్లీ లాగి చూస్తారు. నమ్మకపోవడం, మళ్లీ లాగడం — మనకు కావలసింది అదే కదా.

ఇప్పుడు దీని మీద ప్రశ్న ఎలా ఉండాలి? ‘గౌరి ఒక పెట్టెను రబ్బరు బ్యాండుతో మూడు చోట్ల లాగింది. రబ్బరు 4, 7, 11 సెంటీమీటర్లు సాగింది. ఆ మూడు చోట్లు నున్నటి బండ, చాప, గోనెసంచి అయితే ఏది ఎక్కడ? ఎలా చెప్పగలిగావు? అదే పెట్టెలో ఇంకో నాలుగు రాళ్లు వేస్తే ఈ అంకెలు ఏమవుతాయి?’ ఇలా అడగండి చాలు. చేసి చూసిన పిల్లలకు ఇది నల్లేరు మీద నడక. చేయనివాళ్లు కూడా ఆలోచిస్తే రాయగలరు. బట్టీ పట్టినవాళ్లకు మాత్రం పట్టిన బట్టీ పనికిరాదు. వచ్చే పరీక్షలో ఇలాంటిది వస్తుందని తెలిస్తే, ఇప్పటిదాకా ప్రయోగం జోలికి పోని టీచరు కూడా ఆ వారం జేబులో రబ్బరు బ్యాండ్లు వేసుకుని బడికి వస్తారు.

ఇక ఆ లాభనష్టాల ప్రశ్న గురించి. ఘర్షణ వలన నడవగలుగుతున్నాం, అగ్గిపుల్ల వెలిగించగలుగుతున్నాం, ఇవి లాభాలు. యంత్ర భాగాలు అరిగిపోతాయి, వేడెక్కుతాయి, ఇవి నష్టాలు. పేజీ మధ్యలో గీత గీసి అటు నాలుగు, ఇటు నాలుగు. నాకు ఈ ప్రశ్న మీద ప్రత్యేకంగా కోపం ఉంది, దాచుకోను. ఘర్షణ మనకు మేలు చేయాలనో కీడు చేయాలనో చూసేది కాదు. ఎక్కడ ఎంత కావాలో చూసుకుని పెంచుకోవడమూ తగ్గించుకోవడమూ మనిషి పని, ఆ పని మన ఊళ్లలో తరతరాలుగా జరుగుతోంది. తిరగలి రాళ్లు నున్నబడితే గింజ నలగదు, అందుకే ఉలితో కక్కు కొట్టిస్తారు. అదే ఇంట్లో బండి ఇరుసుకు కందెన రాస్తారు. ఒకచోట గరుకు చేయించుకుంటున్నారు, ఇంకోచోట జారుడు చేసుకుంటున్నారు. క్యారమ్‌బోర్డు మీద పౌడరు చల్లే పిల్లాడే, క్రికెట్ బ్యాటు పిడికి రబ్బరు గ్రిప్పు తొడుగుతాడు. ‘ఈ నాలుగు పనుల్లో ఎక్కడ ఘర్షణ పెంచారు, ఎక్కడ తగ్గించారు, ఎందుకు?’ అంటే ఒక్క వాక్యంలో మొత్తం పాఠం అడిగినట్టే.

ఏడు, ఎనిమిది తరగతులకైతే ఇంకాస్త ముందుకు వెళ్లొచ్చు. గీత కార్మికుడు మోకును తన నడుముకూ తాటిచెట్టుకూ కలిపి చుట్టుకుని, వెనక్కి వాలి నిలబడతాడు. వెనక్కి వాలితే పడిపోవాలి కదా, పట్టు పెరుగుతుందెందుకు? వాలినకొద్దీ పాదాలు మానును గట్టిగా నొక్కుతాయి, నొక్కుడు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. మరి వాన పడి మాను తడిస్తే చెట్టెక్కడానికి ఎందుకు జంకుతారు? ఆ ఇంటి నుంచి వచ్చిన పిల్ల మన తరగతిలో ఉండి ఉండొచ్చు. లాభనష్టాల పట్టికలో వెనకబడే ఆ పిల్ల ఈ ప్రశ్నకు తరగతి మొత్తానికి చెప్పగలదు.

గురుత్వాకర్షణ దగ్గర మన సమస్య వేరు. ఘర్షణలో పొడి ప్రశ్నలు అడుగుతున్నాం, ఇక్కడ తప్పుడు ప్రశ్నలు కూడా అడుగుతున్నాం. ‘అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు. తప్పా, ఒప్పా?’ అని బిట్ పేపర్లో వస్తుంది, దిద్దడానికి ఇచ్చే జవాబుల కీలో ‘ఒప్పు’ అని ఉంటుంది. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష 2021 జూలై 11న వ్యోమనౌకలో దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి కొద్ది నిమిషాలు గాల్లో తేలడం మన పిల్లలు టీవీలో చూశారు. అంత ఎత్తులో భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో నూటికి 97 వంతులు ఉంటుంది. దాదాపు 400 కిలోమీటర్ల పైన తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర కూడా నూటికి 89 వంతులు ఉంటుంది. ఆకర్షణ లేకపోతే ఆ కేంద్రం భూమి చుట్టూ తిరగదు, తిన్నగా ఎటో పోతుంది. వాళ్లు తేలుతున్నది ఆకర్షణ లేక కాదు, వాళ్లూ వాళ్లున్న నౌకా కలిసి ఒకే తీరున పడుతూ ఉండటం వల్ల. ఇది ఐదో తరగతికి పెద్ద విషయమే, వివరంగా చెప్పాల్సిన పని లేదు. కానీ చెప్పకుండా వదిలేయడం వేరు, తప్పును కీలో అచ్చువేసి మార్కు ఇవ్వడం వేరు. ఆ మార్కు తెచ్చుకున్న పిల్లాడికి తొమ్మిదో తరగతిలో నేను ఆ ముడి విప్పాల్సి వస్తుంది. అది అంత తేలిగ్గా ఊడి రాదు.

న్యూటన్ ప్రశ్న కూడా అలాంటిదే. ‘గురుత్వాకర్షణను కనుగొన్నది ఎవరు?’ అన్నది జీకే, సైన్స్ కాదు. వస్తువులు కింద పడతాయని న్యూటన్ కంటే ముందు అందరికీ తెలుసు. యాపిల్ నెత్తిన పడిందన్నది తర్వాత అల్లుకున్న కథ. ఆయన వయసు మళ్లాక, 1726లో, స్టూక్లీ అనే మిత్రుడితో చెప్పింది తోటలో పండు రాలడం చూసి ఆలోచనలో పడ్డానని మాత్రమే. పండును లాగేదీ చందమామను భూమి చుట్టూ తిప్పేదీ ఒకటేనని లెక్కకట్టి చూపడం ఆయన గొప్పతనం. అది చెప్పే ఉద్దేశం లేనప్పుడు పేరు ఒక్కటీ అడిగి ఏం లాభం?

ఈ వయసు పిల్లలకు తేల్చి చూపాల్సింది ఒకటుంది: బరువైనది ముందు పడుతుందా? పిల్లలే కాదు, చాలామంది పెద్దవాళ్లు కూడా ‘అవును’ అంటారు. రెండు ఒకేరకం నీళ్ల సీసాలు తీసుకుని, ఒకటి నిండుగా, ఇంకొకటి పావు వంతు నింపి, ఒకే ఎత్తు నుంచి ఒకేసారి వదలమనండి. కళ్లు మూసుకుని చప్పుడు వినమనండి. వినపడేది ఒకే చప్పుడు. ఆ తర్వాత ఒక కాగితం మామూలుగా, అలాంటిదే ఇంకొకటి ఉండచుట్టి వదలాలి. బరువు మారలేదు, అయినా ఉండ ముందు పడింది. అంటే ఆపుతున్నది ఎవరు? ‘గాలి సార్’ అంటారు. అప్పుడు కాగితాన్ని దానికంటే పెద్ద పుస్తకం మీద పరిచి, పుస్తకాన్ని వదలమనండి. కాగితం పుస్తకాన్ని అంటిపెట్టుకునే కిందికి వస్తుంది. పిల్లలు అంతదాకా వచ్చాక, 1971 ఆగస్టులో వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక సుత్తినీ ఒక డేగ ఈకనూ కలిపి వదిలిన సంగతి చెప్పండి. గాలి లేని చోట రెండూ కలిసే నేలను తాకాయి. ఆ వీడియో దొరుకుతుంది కూడా.

దాని మీద ప్రశ్న నా దగ్గర ఒకటి సిద్ధంగా ఉంది, కావాలంటే వాడుకోండి. ‘2023 జూలై 14న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 ల్యాండరు ఆగస్టు 23న చంద్రుడి మీద మెల్లగా దిగింది. దిగడానికి పారాచూట్ కాకుండా ఇంజిన్లు మండించారు. పారాచూట్ ఎందుకు పనికిరాదు?’ పిల్లలు శ్రీహరికోట పేరు చూసి సంబరపడతారు. గాలి లేదని తడితే జవాబు వచ్చేసినట్టే. రెండు మార్కులు చాలు.

అయస్కాంతాల విషయంలో నన్ను ఈ ఉత్తరం రాయించింది ఒక జవాబుపత్రం. ‘కింది వాటిలో అయస్కాంత పదార్థాలను గుర్తించండి’ అన్న ప్రశ్నలో స్టీలు గ్లాసు ఉంది. కీ ప్రకారం అది అయస్కాంత పదార్థం. ఒక పిల్లవాడు స్టీలు గ్లాసును వదిలేసి, పక్కన చిన్న అక్షరాలతో ‘మా ఇంట్లో గ్లాసుకు అతుక్కోలేదు’ అని రాశాడు. ఎర్ర ఇంకుతో ఇంటూ పడింది. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఇళ్లలో వాడే స్టెయిన్‌లెస్ స్టీలులో మంచి రకమని చెప్పుకునే దానిలో ఇనుముతోపాటు నూటికి 18 వంతుల క్రోమియం, 8 వంతుల నికెల్ ఉంటాయి. దానికి అయస్కాంతం అతుక్కోదు. నికెల్ కలపని రకానికి అతుక్కుంటుంది. తమాషా ఏమిటంటే నికెల్‌ను విడిగా పెడితే అయస్కాంతం లాగుతుంది, కానీ అది అంత మోతాదులో ఇనుములో కలిసేసరికి లోపలి పరమాణువుల అమరికే మారిపోతుంది. ఇండక్షన్ స్టవ్ కొన్నాక ఏ గిన్నె పనిచేస్తుందో ఏది చేయదో తేల్చుకోవడానికి ఆడవాళ్లు ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి గిన్నెల అడుగున పెట్టి చూసుకుంటున్నారు. వంటింట్లో జరుగుతున్న ఈ పరీక్ష మన పేపరుకు ఇంకా తెలియలేదు.

ఆ పిల్లవాడి ఇంటూ మార్కు గురించి ఎవరినీ నిలదీయడం నా ఉద్దేశం కాదు. దిద్దేవాళ్లు కీ చూసి దిద్దారు. కీ రాసేటప్పుడు ‘ఇది చేసి చూసిన పిల్లలు ఏం రాస్తారు?’ అని ఒక్క క్షణం ఆలోచించమని మాత్రం అడుగుతున్నాను. ‘స్టీలు గ్లాసుకు అయస్కాంతం అతుక్కుంటుందని రవి అన్నాడు, అతుక్కోదని సలీమా అన్నది. ఇద్దరూ ఇంట్లో చూసే చెప్పారు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చా? ఎలా?’ అని అడిగితే ఆ రాత్రి ఊళ్లోని గ్లాసులన్నీ పరీక్షకు నిలబడతాయి.

చిల్లర కూడా మంచి సామగ్రే. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలను అయస్కాంతం లాగుతుంది, పసుపు రంగు ఐదు రూపాయల బిళ్లను లాగదు. లోహమైతే చాలు అయస్కాంతం లాగుతుందన్న నమ్మకం అక్కడికక్కడే పోతుంది. పాత స్పీకరు విప్పితే వచ్చే నల్ల అయస్కాంతాన్ని బడి పక్కన పోసిన ఇసుక కుప్పలో తిప్పితే నల్లటి నూగు అంటుకుని వస్తుంది. ఈ ఆట మన పిల్లలకు కొత్త కాదు, వాళ్లే మనకు నేర్పగలరు. భీమిలి వైపు పిల్లలకైతే తీరమంతా నల్ల ఇసుకే. అయస్కాంతానికీ గుండుసూదికీ మధ్య నోట్‌బుక్ కాగితాలు ఒక్కొక్కటే పెడుతూ పోతే ఎన్ని కాగితాల దాకా సూది పడకుండా నిలుస్తుందో లెక్కపెట్టమంటే, దూరం పెరిగేకొద్దీ లాగే శక్తి తగ్గుతుందన్నది వాళ్లే అంకెల్లో రాసుకొస్తారు. పెద్ద అయస్కాంతమే గట్టిదనుకునేవాళ్లకు ఇయర్‌ఫోన్‌లోంచి తీసిన బుల్లి అయస్కాంతం ఆ భ్రమ పోగొడుతుంది. అన్నట్టు, అలాంటి బుల్లి అయస్కాంతాలను చిన్న తరగతుల పిల్లల చేతికి ఇవ్వకండి. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికి తెస్తాయి.

ఇంతవరకు చదివి మీలో కొందరు ‘ఇవి దిద్దేదెట్లా?’ అనుకుంటూ ఉంటారు. న్యాయమైన టెన్షనే. ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, కట్టలు కట్టలు పేపర్లు, ఇచ్చే గడువు తక్కువ. దీనికి నేను చూసిన దారి ఇది: జవాబుకు సగం, కారణానికి సగం. కీలో ఒకే సరైన వాక్యం రాయకుండా, ఒప్పుకోదగ్గ కారణాలు రెండు మూడు, ఒప్పుకోకూడనిది ఒకటి రాయండి. చంద్రయాన్ ప్రశ్నకు ‘అక్కడ గాలి లేదు’ అంటే రెండు మార్కులు, ‘పారాచూట్ తెరుచుకోదు’ అని ఊరుకుంటే ఒకటి, ‘అక్కడ గురుత్వాకర్షణ లేదు’ అంటే సున్నా. లాభనష్టాల పట్టిక దిద్దినదానికంటే ఇందులో ఎక్కువ సమయమేమీ పట్టదు. పైగా నూరు పేపర్లలో ఒకే వాక్యం చదివే విసుగు తప్పుతుంది.

పేపరు మార్చకుండా పాఠం మార్చలేమన్నది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లాలో, ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు, 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో పిల్లలు ప్రయోగాలు చేస్తూ సైన్స్ నేర్చుకునే కార్యక్రమం మొదలైంది. 1978లో జిల్లా అంతటికీ పాకింది. అక్కడివాళ్లు చేసిన తెలివైన పని పుస్తకంతో ఆగిపోకపోవడం. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చారు, దాంతోపాటు చేత్తో చేసే పరీక్ష కూడా పెట్టారు. పుస్తకం ఎదురుగా తెరిచి ఉంటే ‘అనగానేమి’ అని అడగడంలో అర్థం లేదు కదా, ప్రశ్న తనంతట తనే మారక తప్పదు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. అది ఎందుకు, ఎలా అన్నది వేరే చర్చ. కానీ ఒక మారుమూల జిల్లాలో ప్రభుత్వ టీచర్లతోనే అలాంటి పరీక్షలు ఏళ్ల తరబడి నడిచాయి.

చట్టం కూడా మీ వైపే ఉంది. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 29లో పిల్లలు పనులు చేస్తూ, వెతుక్కుంటూ, కనుక్కుంటూ నేర్చుకోవాలని రాసి ఉంది. మూల్యాంకనం వాళ్ల అవగాహననూ, తెలిసినదాన్ని వాడగల నేర్పునూ చూడాలని కూడా అందులోనే ఉంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు బోర్డు పరీక్ష పాస్ కావాలన్న షరతు పిల్లలకు లేదు. ర్యాంకుల గొడవ లేదు. ప్రశ్నలతో ధైర్యం చేయడానికి పదో తరగతిలో మనకు చోటు ఉండదు, ఐదో తరగతిలో ఉంది.

కొన్ని వదిలేయమని కూడా అడుగుతాను. ద్రవ్యరాశికీ భారానికీ తేడాలు ఐదో తరగతిలో అడగకండి. ఘర్షణ రకాల పేర్లు అడగకండి. ఫౌండేషన్ కోర్సుల పేరుతో కొన్ని ప్రైవేటు బడుల్లో ఆరో తరగతికే బలం ఈజ్ ఈక్వల్ టు ద్రవ్యరాశి ఇంటూ త్వరణం అని లెక్కలు చేయిస్తున్నారని, మనం వెనకబడిపోతామని కంగారుపడకండి. ఆ లెక్క చకచకా చేసే పిల్లల్ని నేను ఎనిమిదిలో చూస్తుంటాను. పైకి విసిరిన బంతి అందాకా వెళ్లి ఒక్క క్షణం ఆగినప్పుడు దాని మీద బలమేమైనా ఉందా అంటే, ఆగింది కదా, లేదనేస్తారు. అది లెక్క వచ్చినట్టా, బలం అర్థమైనట్టా?

ఇంగ్లిష్ మీడియం తరగతుల గురించి ఒక్క మాట. ఇప్పుడు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటున్నాయి. ప్రశ్నపత్రం కూడా రెండు భాషల్లో ఇవ్వండి. జవాబు ఏ భాషలో రాసినా, బొమ్మ గీసి బాణాలు పెట్టినా మార్కులివ్వమని కీలో స్పష్టంగా రాయండి. పెట్టె ఎటు కదిలింది, ఎటు లాగారు, నేల ఎటు ఆపింది అన్నది మూడు బాణాల్లో చూపించిన పిల్లకు వాక్యం రాలేదని మార్కు కోస్తే, అప్పుడు మనం పరీక్షించింది సైన్స్‌ను కాదు.

నేను అడుగుతున్నది పేపరంతా తిరగరాయమని కాదు. వచ్చే ఎస్‌ఏలో మూడు నుంచి ఎనిమిది వరకు ప్రతి తరగతికీ ఒక్క ప్రశ్న, నాలుగు మార్కులది, చేసి చూసినవాళ్లకు లాభించేది పెట్టండి. ఆ ప్రశ్న ఏ పాఠం నుంచి వస్తుందో, ఏ తరహాలో ఉంటుందో నెల ముందే బడులన్నిటికీ చెప్పండి. దాచిపెట్టాల్సిన పని లేదు, తెలిస్తేనే కదా చేయించేది. పైన రాసిన ప్రశ్నలన్నీ మీవే అనుకోండి, పేర్లు, అంకెలు మార్చి వాడుకోండి. కీలు రాయడానికి మనుషులు కావాలంటే మా మండలంలోనే నలుగురైదుగురం ఉన్నాం, సెలవు రోజున కూర్చోవడానికి మాకు అభ్యంతరం లేదు. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో బాగున్నవీ వింతగా ఉన్నవీ కొన్ని ఏరి, పేర్లు తీసేసి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే తర్వాతి స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అందరికీ చూపించే ఏర్పాటు చేయగలిగితే ఇంకా మంచిది.

ఇట్లు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే మీ సహోపాధ్యాయుడు